బుధారం పెట్టె

నీలి పెట్టెల నాలుగు దిక్కుల నాలుగు ఐసు పలకలు,
నడుమ ప్లాస్టిక్ సంచి.
అండ్ల తట్టుమందు, పోలియో చుక్కలు,
అయిదు రోగాల సీసా.
ఈ ఏడు ఇంకోటి చేరింది.
జాగ చాలక
పోలియో చుక్కల పక్కన ఒత్తిగిలి పండవెట్టిన,
కొత్త కోడలిని ఆడబిడ్డల నడుమ పండవెట్టినట్టు.

ఒకప్పుడు దీనికి ఎంత రాజరికం!
ఫంక్షన్ హాల్ ఇచ్చిండ్రు, షామియానా ఏసిండ్రు,
గేటుకాడ ఇద్దరు పోలీసులు,
లోపట కంప్యూటర్ పిలగాడు.
ఆధార్ చూపియ్యాలె. ఓటీపీ చెప్పాలె.

బొల్లం సాంబలచ్చిమికి ఫోన్ లేదు,
రాయించిన నంబరు భీవండిల తమ్మునిది.
ఆయన సాంచ మీద డ్యూటీల ఉన్నడు,
ఆ చప్పుట్ల
ఆమె ఓటీపీ ఆయన అంగిజేబుల మోగి మోగి సచ్చింది.
ఎండల నిలవడి, నిలవడి,
కొంగు దులుపుకొని ఎల్లిపోయింది.

ఆ ఏడు
దినాం మూడొందల రెక్కలు చూసిన నేను,
ఒక్క మొఖం యాదికి లేదు.
ఆ ఏడే ముప్పై నాలుగు మంది పిల్లలకు
తొమ్మిదో నెల సూది తప్పింది.
బీపీ గోలీల డబ్బ అడుగంటింది.
ఏరుకొండ ఓదెలుకు ఒక పక్క పడిపోయింది,
ఇరవై దినాలకు పాణం పోయింది.
కరోనా లెక్కల రాలే ఆయన,
ఏ లెక్కల రాలే.

ఇప్పుడు ఫంక్షన్ హాలుకు పెండ్లిళ్ళు తిరిగొచ్చినయ్.
సూది నా తానికి తిరిగొచ్చింది,
రెండర్రల సబ్ సెంటరుకు,
బరువు కాటాకు, బల్లకు, బొంత కుర్చీకి.

మిర్చి కాలం.
ఆరింటికే పెట్టె తెరుస్త,
ఏడింటికి కూలోళ్ళ ఆటో ఎల్లిందంటే
మళ్ళ దీపాలు పెట్టినంకనే మనుషులు దొరుకుతరు.
మీటింగుల సారు అన్నడు:
"ఒక్కరొచ్చినా సీసా తెరువుండ్రి."
అదే నోటితోని, చాయ తాగి, అన్నడు:
"మందు గింత ఎందుకు వేస్టయితుంది?"
పది మందికి సరిపోయే సీసా,
తెరిస్తే నాలుగు గంటలే ఆయుస్సు.
ఆశా రాజకొమురమ్మ వాకిట్ల నిలవడి లెక్కవెట్టింది:
ఒక నెల నిండిన పిల్ల, షుగర్ గోలీల కోసం వచ్చిన ఖాజాబీ,
తండా నుంచి బండి మీద మంగ్లి, ఆమె మొగడు.
ముగ్గురే సూదికి.
తెరిచిన.

అప్పుడొచ్చింది సాంబలచ్చిమి,
తొమ్మిది నెలల మనుమరాలిని
మోచేతులతోని ఎత్తుకొని.
వేళ్ళు తాకనియ్యది పిల్లకు,
వారం సంది ఏరిన మిర్చి మంట
గోర్ల సందుల ఉన్నదట, సబ్బుకు పోదట.
పిల్ల ఏడ్చింది, తట్టుమందు పడ్డది.
కన్నీళ్ళు తుడవబోయి
చెయ్యి ఎన్కకు గుంజుకున్నది ముసల్ది.
నేనే తుడిచిన.

"నీ రెక్క ఇటియ్యి, బీపీ చూస్త."
నూట డెబ్బై రెండు.
"గోలీలు తీస్కపో. ఆ సూది కూడ ఉన్నది."
ముందుగాల అన్న మాట: "నాకు ఫోన్ లేదు బిడ్డా."
"ఫోన్ ఎవలడిగిండ్రు? కూసో."
కూసున్నది. సీసా దిక్కు చూసింది,
రోడ్డు దిక్కు చూసింది.
ఆటో హారన్ కొట్టింది.
"రెక్క గుంజితే నా సాలు ఎవలేరాలె?
ఏరుడు అయినంక నేనే వస్త.
గప్పుడు పోలీసులను చూసి పోయిన,
ఇప్పుడు పోను."

పదిన్నరకు ఆ సీసా పక్కకు వెట్టి
వేస్టేజ్ గడిల ఏడు అని రాసిన.
సారు అడుగుతడు, అడగనీ.

బకాయి పేర్ల రిజిస్టర్ తీసిన.
ఆ ఏడు దీనికి వేరే రిజిస్టర్, వేరే రంగు అట్ట.
ఇయ్యాల మనుమరాలి పేరు కిందనే
పెన్సిల్‌తోని అవ్వ పేరు రాసిన.
రావాల్సిన తారీఖు అన్న కాడ
చెయ్యి ఆగింది.
రాసిన:
మిర్చి అయినంక, బుధారం.